ఇంటర్ మార్కులకు విలువెంత? తుంగభద్రకు ఇవతల సున్నా, అవతల ఇరవై ఐదు

అలంపూర్ చౌరస్తాలో కర్నూలు బస్సెక్కితే పుల్లూరు టోల్‌గేట్ దాటిన కాసేపటికే తుంగభద్ర బ్రిడ్జి వస్తుంది. ఇవతల జోగులాంబ గద్వాల జిల్లా, తెలంగాణ. అవతల కర్నూలు, ఆంధ్రప్రదేశ్. రెండు వైపులా అవే గ్రూపులు, ఎంపీసీ, బైపీసీ. మొన్నమొన్నటి దాకా మార్కుల స్కీము కూడా ఒకటే. కానీ ఇంజనీరింగ్ ర్యాంకు లెక్క కట్టేటప్పుడు అవతల చదివిన అమ్మాయికి ఇంటర్ గ్రూపు మార్కులు 25 శాతం కలుస్తాయి. ఇవతల చదివిన అమ్మాయికి ఒక్క మార్కు కూడా కలవదు.

ఇది ఎట్లా అయింది అనేదే ఈ ఎపిసోడ్. ముందే చెప్తున్నా, ఇది కోచింగ్ టిప్స్ వీడియో కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చాలా మంది పేరెంట్స్ ఒకటే మాట అడుగుతుంటారు: "ఇప్పుడు ఇంటర్ మార్కులు దేనికీ లెక్క లేవంట కదా, పాసైతే చాలంట కదా?" సగం నిజం, సగం అబద్ధం. ఏ సగం నిజమో తెలియాలంటే ఒక యాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

ఒకప్పుడు ఎంట్రన్సులు లేవు. పీయూసీ మార్కులో, హయ్యర్ సెకండరీ మార్కులో చూసి మెడికల్ సీటు ఇచ్చేవారు. వినడానికి సింపుల్‌గా ఉంది కదా. చిక్కు ఎక్కడంటే పరీక్షలు రకరకాలు, పేపర్లు దిద్దేవాళ్లు రకరకాలు. ఒక యూనివర్సిటీలో 70 తెచ్చుకోవడం, ఇంకో బోర్డులో 70 తెచ్చుకోవడం ఒకటి కాదు. మరి ఎవరిది ఎక్కువ అనాలి? అందుకని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెడికల్ కాలేజీల అడ్మిషన్లకు అందరికీ కలిపి ఒక ఎంట్రన్స్ టెస్టు పెట్టింది. పెట్టగానే గొడవ. బోర్డు పరీక్షలో మంచి మార్కులు వచ్చి, ఎంట్రన్సులో వెనకబడిన విద్యార్థులు కోర్టుకు పోయారు. మేం రాసింది పబ్లిక్ పరీక్షే కదా, ఆ మార్కులు పక్కన పెట్టి మళ్లీ ఇంకో పరీక్ష ఏంటి అని వాళ్ల వాదన. హైకోర్టులో వాళ్లే గెలిచారు. 1971లో సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ లావు నరేంద్రనాథ్ అని కేసు పేరు. కాలేజీ నడిపే ఖర్చు ప్రభుత్వానిది కాబట్టి, ఎవరిని ఎట్లా చేర్చుకోవాలో న్యాయమైన పద్ధతి పెట్టుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది, ఎంట్రన్స్ పెట్టడం తప్పు కాదు అని కోర్టు తేల్చింది.

దేశంలో ఎంట్రన్స్ పరీక్షల మీద ఎప్పుడు కేసు నడిచినా లాయర్లు తీసే పాత తీర్పుల్లో ఇదొకటి. మన రాష్ట్రం కేసే. ఎంసెట్ అనే పేరు పుట్టకముందే, బోర్డు మార్కులా, ఎంట్రన్సు మార్కులా అనే తగాదా మన దగ్గర ఢిల్లీ దాకా వెళ్లి వచ్చింది.

అదే 1971లో ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. రెండేళ్ల ఇంటర్, రాష్ట్రమంతటికీ ఒకటే బోర్డు. మరి యూనివర్సిటీకో తీరు అనే సమస్య తీరినట్టే కదా, ఎంట్రన్సు తీసేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. లాజిక్ ప్రకారం అంతే. కానీ ఒకసారి పెట్టిన ఎంట్రన్సును తీసేయడం ఎంత కష్టమో ముందు ముందు చూస్తారు.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చిన కొత్తలో ఒక చట్టం వచ్చింది. విద్యాసంస్థల్లో ప్రవేశాల నియంత్రణ, క్యాపిటేషన్ ఫీజు నిషేధం చట్టం. డొనేషన్ కట్టి సీటు కొనుక్కునే పద్ధతిని ఆపాలని దాని ఉద్దేశం. మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు కామన్ ఎంట్రన్స్ ర్యాంకు ప్రకారమే నింపాలి అనే మాట చట్టంలోకి ఎక్కింది ఇక్కడే. ఆ పునాది మీదే 80ల మధ్యలో ఎంసెట్ వచ్చింది. ఇంజనీరింగ్, అగ్రికల్చర్, మెడికల్ మూడింటికీ కలిపి ఒకటే పరీక్ష. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంటర్ మార్కులు ఒక గేటు మాత్రమే. కనీస మార్కులు దాటావా, లోపలికి రా. లోపల నీ ర్యాంకు నిర్ణయించేది ఎంసెట్టే.

దీని ఫలితం పాలమూరులో ఎట్లా కనబడింది? అప్పుడు ఈ మూడు జిల్లాలూ వేరుగా లేవు, అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే. 2016 అక్టోబరు 11న విడిపోయాయి. ఇంటర్ కాలేజీలు తాలూకా సెంటర్లలో ఉన్నాయి, చెప్పే సార్లు ఉన్నారు, కానీ ఎంసెట్ కోచింగ్ అంటే హైదరాబాద్ పోవాలి, లేకపోతే గుంటూరో విజయవాడో పోవాలి. మార్కులైతే ఊళ్లో ఉండి తెచ్చుకోవచ్చు. ర్యాంకు మాత్రం ఊరు దాటితేనే వస్తుంది. నాకు ఈ హిస్టరీ మొత్తంలో ముఖ్యమైన సంగతి ఇదే. మార్కులా ర్యాంకా అనే చర్చ పైకి తెలివితేటలు ఎట్లా కొలవాలి అనే చర్చలా కనబడుతుంది. కింద చూస్తే, పిల్లవాడు ఏ ఊళ్లో ఉండి, ఎంత ఖర్చుతో ఆ నంబరు తెచ్చుకోగలడు అనే చర్చ.

ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో ప్రభుత్వానికి ఇంకో సమస్య కనబడింది. పిల్లలు ఇంటర్ క్లాసులు పట్టించుకోవడం మానేశారు. కాలేజీలో పేరు ఉంటుంది, మనిషి కోచింగ్‌లో ఉంటాడు. ల్యాబ్ మొహం చూడడు, ఇంగ్లిష్, తెలుగు పుస్తకం తెరవడు. అందుకని ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. పల్లెటూరి పిల్లలకు కూడా దీనితో మేలు అన్నారు. కోచింగ్ లేకపోయినా ఇంటర్ బాగా చదివిన పిల్లకు ఎంతో కొంత కలిసొస్తుంది అని ఆలోచన.

ఆలోచన మంచిదే. ఇప్పుడు లెక్క చూద్దాం. నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాళ్లలో ఒకరిని, ఫార్ములా కనబడితే అందులో నంబర్లు వేసి చూడకుండా ఉండలేను.

ఎంపీసీలో మొత్తం 1000 మార్కులు. ఫస్టియర్ 470, సెకండియర్ 530. ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్ తీసేస్తే గ్రూపు సబ్జెక్టులు 600. మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. ఈ 600ను 25కు కుదిస్తారు. ఎంసెట్ 160 మార్కులను 75కు కుదిస్తారు. రెండూ కలిపి నూటికి స్కోరు. దాని మీద ర్యాంకు.

అంటే ఇంటర్‌లో ఒక మార్కు పెరిగితే స్కోరు 0.04 పెరుగుతుంది. ఎంసెట్‌లో ఒక మార్కు పెరిగితే 0.47 దాకా పెరుగుతుంది. భాగిస్తే 11.25. ఒక్క ఎంసెట్ బిట్టు పదకొండు ఇంటర్ మార్కులతో సమానం. ఎంసెట్‌లో నెగటివ్ మార్కింగ్ కూడా లేదు. కళ్లు మూసుకుని పెట్టిన ఒక్క బబుల్ కరెక్టయితే, రెండేళ్లలో కష్టపడి తెచ్చుకున్న పదకొండు మార్కులు దాంతో సమానమైపోయాయి.

ఇంకొంచెం లోపలికి పోదాం. హైదరాబాద్‌లో పెద్ద కాలేజీలో ఇద్దరు పిల్లలు, ఒకరికి 600కు 580, ఇంకొకరికి 596 అనుకోండి. పదహారు మార్కుల తేడా. ఎంసెట్ భాషలో చెప్తే ఒకటిన్నర మార్కు కూడా కాదు. అంటే పై వరుసలో ఉన్నవాళ్ల మధ్య ఈ వెయిటేజీ చేసే పని చాలా తక్కువ. ఇప్పుడు గట్టు మండలం నుంచి వచ్చి గద్వాల సర్కారు కాలేజీలో చదివిన ఒక అబ్బాయిని ఊహించుకోండి. 480 వచ్చాయి, 80 శాతం. వాళ్ల ఊళ్లో అది గొప్ప మార్కే. కానీ 580 తో పోలిస్తే 100 తక్కువ. ఎంసెట్ భాషలో దాదాపు 9 మార్కులు పోయినట్టు. మధ్య ర్యాంకుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడ 9 మార్కులంటే వేల ర్యాంకులు.

చూశారా ఏమైందో? పల్లెటూరి పిల్లలకు మేలు అని పెట్టిన వెయిటేజీ, 580 పైన ఉన్నవాళ్లకు పెద్దగా ఏమీ చేయలేదు, 480 దగ్గర ఉన్నవాళ్లను మాత్రం వెనక్కి నెట్టింది. వాళ్లకు అది బోనస్ కాదు, జరిమానా. కాగితం మీద 25 శాతం అని ఉన్నా, దాని అసలు బలం మార్కులు ఎంత దూరం దూరంగా ఉన్నాయి అనే దాని మీద ఆధారపడుతుంది.

మరి 580లు, 590లు అంతమందికి ఎట్లా వచ్చాయి? అందరూ మేధావులైపోలేదు. ఏ మార్కు లెక్కలోకి వస్తుందో తెలియగానే, ఆ మార్కు తయారుచేసే మిషన్ కూడా వచ్చింది. అంతకుముందు ర్యాంకులు తయారుచేసిన కాలేజీలే ఇప్పుడు మార్కులు కూడా తయారుచేయడం మొదలుపెట్టాయి. జనవరి నుంచి మార్చి దాకా ఐపీఈ బ్యాచ్, రోజూ పరీక్ష, వెరీ షార్ట్ ఆన్సర్లు కంఠతా. ఎగ్జామ్ అయిన మర్నాటి నుంచే ఎంసెట్ షార్ట్ టర్మ్. రిజల్ట్స్ రోజు టీవీ పెడితే గుర్తుందా, 470కు 466, 466, 466, 467, 467 అని ఊపిరి తీసుకోకుండా చదివే యాడ్? మా తరంలో ఆ గొంతు గుర్తులేనివాళ్లు ఉండరు. ఇప్పటికీ అప్పుడప్పుడు నా కలలో వస్తుంది.

సర్కారు కాలేజీలో పరిస్థితి వేరు. చాలా ఏళ్లు కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్ట్ లెక్చరర్ల మీదే నడిచిన కాలేజీలు. గద్వాల జిల్లాది ఇంకా వేరే కథ. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ అక్షరాస్యత ఇక్కడే, 50 శాతం కూడా లేదు. విత్తన పత్తికి దేశంలో పేరున్న ప్రాంతం ఇది. ఆగస్టు వచ్చిందంటే క్రాసింగ్ పని. ఆడ పువ్వుకు మగ పువ్వు పుప్పొడి రుద్దే పని, చేత్తోనే చేయాలి, రోజూ చేయాలి, ఇంటిల్లిపాదీ చేయాలి. అక్కడ బాల కార్మికుల గురించి ఏళ్లుగా రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. ఇంటర్ క్లాసులు జోరుగా నడవాల్సిన నెలలూ, క్రాసింగ్ నెలలూ ఒకటే. ఆ పిల్లకు 480 వచ్చిందంటే అది వేరే ఊరి 580 కంటే తక్కువ అని ఏ ఫార్ములా చెప్పగలదు?

ప్రాక్టికల్స్ సంగతి కూడా చెప్పాలి. ఎంపీసీలో ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 60 మార్కులు ప్రాక్టికల్స్‌వే. 600లో 60. ఎంసెట్ భాషలో 5 మార్కులకు పైనే. ఎవరి కాలేజీలో వాళ్లకే ప్రాక్టికల్స్ పెడితే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే జంబ్లింగ్ పెట్టాలి, అంటే వేరే కాలేజీకి పోయి ప్రాక్టికల్స్ చేయాలి అని ఒక వాదన. మా కాలేజీలో ల్యాబ్ ఉంది, ఎందుకు పోవాలి అని ఇంకో వాదన. ఏళ్ల తరబడి నడిచిన వివాదం అది. ఒకసారి ఉంటుందంటారు, ఒకసారి లేదంటారు. ఈ లోపల పిపెట్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లకు కూడా 30కి 30 పడ్డాయి.

ఇక్కడ ర్యాంకు అంటే మాటవరసకు కాదు, డబ్బు. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 10,000 ర్యాంకు ఒక గీత. బీసీ విద్యార్థికి ఆ లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది. దాటితే 35,000 రూపాయలే. సర్కారు కాలేజీల్లో, గురుకులాల్లో చదివినవాళ్లకు మినహాయింపులు ఉన్నాయి. కానీ అప్పు చేసి పిల్లవాడిని ప్రైవేటు కాలేజీలో వేసిన వనపర్తి తండ్రికి ఆ గీతకు ఇవతలా అవతలా తేడా నాలుగేళ్లలో లక్షల్లో ఉంటుంది. ఇంటర్‌లో పోయిన నలభై మార్కులు ఆ గీత దాటించాయంటే, ఆ నలభై మార్కుల ఖరీదు ఎంతో ఆ ఇంట్లోనే తెలుస్తుంది.

మన దగ్గర ఇది నడుస్తుండగా ఢిల్లీలో కూడా ఇదే ఆట ఆడారు. 2013లో జేఈఈ మెయిన్ వచ్చినప్పుడు ఎన్ఐటీ సీట్లకు బోర్డు మార్కుల వెయిటేజీ 40 శాతం పెట్టారు. దేశంలో ఇన్ని బోర్డులు, ఒక బోర్డు 95 ఇంకో బోర్డు 80తో సమానమా అని తలనొప్పి. అందుకని మార్కులను పర్సంటైల్‌గా మార్చి కలిపారు. బోర్డుల దగ్గర నుంచి డేటా రావడం, దాన్ని సరిచూడటం, ర్యాంకులు ఆలస్యం. నాలుగేళ్లు నడిపి 2017 నుంచి తీసేశారు. 75 శాతం అనే గేటు మాత్రం ఉంచారు. 1971లో కోర్టు ముందుకు వచ్చిన ప్రశ్నే చూడండి, నలభై ఏళ్ల తర్వాత కంప్యూటర్ కాలంలో కూడా అట్లాగే వచ్చింది.

పక్కన తమిళనాడు పూర్తిగా ఉల్టా దారి పట్టింది. ఎంట్రన్సు వల్ల పట్నం పిల్లలకే లాభం, కోచింగ్ లేని పల్లె పిల్లలు నష్టపోతున్నారు అని చెప్పి ఇంజనీరింగ్, మెడికల్ ఎంట్రన్సు పూర్తిగా రద్దు చేశారు. చట్టం 2007లో అమల్లోకి వచ్చింది. ప్లస్ టూ మార్కులే లెక్క. మరి అక్కడ మిషన్ రాలేదా? వచ్చింది. సీటుకు పన్నెండో తరగతి మార్కులే లెక్క కాబట్టి, నామక్కల్ వైపు కొన్ని స్కూళ్లు పదకొండో తరగతి సిలబస్ పక్కనపెట్టి, రెండేళ్లూ పన్నెండో తరగతి పాఠాలే రుబ్బించాయి. చివరికి 2017-18లో పదకొండో తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. మెడికల్ సీట్లు తర్వాత నీట్‌కు వెళ్లిపోయాయి, ఆ గొడవ అక్కడ ఇప్పటికీ రాజకీయమే.

సరే, మన కథకు వద్దాం. తెలంగాణలో ఇంటర్ మార్కుల మీద నమ్మకం రెండు దెబ్బలకు పోయింది.

మొదటిది 2019 ఏప్రిల్. ఆ ఏడాది ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 రావాల్సిన విద్యార్థికి మెమోలో సున్నా. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ అని. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాస్తే మూడు లక్షలకు పైగా ఫెయిల్. ఫలితాల తర్వాత రోజుల్లో ఇరవైకి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన అందరి పేపర్లూ ఫీజు లేకుండా రీవెరిఫికేషన్ చేయించింది. వెయ్యికి పైగా మంది అందులో పాసయ్యారు. ఆ సంఖ్యను చిన్నది అనేవాళ్లున్నారు. ఆ వెయ్యి మందిలో ఒకరి ఇంట్లో కూర్చుని ఆ మాట అనమనండి. ఈ విషయం మాట్లాడేటప్పుడు నేను ఎక్కువ డ్రామా చేయదలచుకోలేదు. ఇది చూస్తున్న విద్యార్థుల్లో ఎవరికైనా రిజల్ట్ భయం ఉంటే, 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

రెండో దెబ్బ కరోనా. 2021లో సెకండియర్ పరీక్షలు రద్దు. ఫస్టియర్‌లో ఏ సబ్జెక్టుకు ఎన్ని వస్తే సెకండియర్‌లో కూడా అన్నే వేశారు. ప్రాక్టికల్స్‌కు అందరికీ ఫుల్ మార్కులు. అప్పుడు ఆ మార్కులను ర్యాంకులో కలపడం అన్యాయం కాబట్టి ఆ ఏడాది ఎంసెట్‌లో వెయిటేజీ తీసేశారు. అది కరెక్ట్ నిర్ణయమే. అదే ఏడాది చివర్లో, ప్రమోట్ అయిన పిల్లలకు ఫస్టియర్ పరీక్షలు ఆలస్యంగా పెడితే దాదాపు సగం మంది ఫెయిలయ్యారు. గొడవలు అయ్యాక అందరికీ 35 వేసి పాస్ చేశారు. ఇంక ఆ బ్యాచ్ మార్కులకు అర్థం ఏముంది? 2022లో కూడా వెయిటేజీ లేదు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చి శాశ్వతంగా తీసేసింది. ఎంసెట్ మార్కులే నూటికి నూరు శాతం. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో కరోనాకు ముందున్న 25 శాతాన్ని మళ్లీ తెచ్చారు. ఒకటే రాష్ట్రంగా ఉన్నప్పుడు పుట్టిన నిబంధన, ఒకటే మహమ్మారి వల్ల రెండు వైపులా ఆగింది, అవతల మళ్లీ లేచింది, ఇవతల లేవలేదు. తర్వాత పేరు కూడా ఎంసెట్ పోయి ఈఏపీసెట్ అయింది. మెడికల్ ఎప్పుడో 2017లోనే నీట్‌కు పోయింది కాబట్టి ఆ ఎం అక్షరం ఊరికే ఉండేది. ఊళ్లో మాత్రం ఇప్పటికీ ఎంసెట్టే.

నన్ను అడిగితే, ఇవతల తీసేసినందుకు నేను బాధపడను. పైన చెప్పిన లెక్క చూశారుగా, ఆ ఫార్ములా సర్కారు కాలేజీ పిల్లవాడికి చేసిన మేలు తక్కువ. కానీ తీసేసిన కారణం చూడండి. బోర్డుల మార్కులు ఆలస్యంగా వస్తున్నాయి, సీబీఎస్ఈ మార్కులతో పోలిక కుదరడం లేదు, ర్యాంకులు లేటవుతున్నాయి. అన్నీ ఆఫీసు కారణాలే. పెట్టినప్పుడు పల్లె పిల్లల పేరు చెప్పారు. తీసేటప్పుడు వాళ్ల పేరు ఎవరూ ఎత్తలేదు. వాళ్లకు లాభమైందా నష్టమైందా అని మెల్లగా కూర్చుని చూసినవాళ్లు నాకు కనబడలేదు. తీసేశాక కోచింగ్ బలం ఇంకా పెరిగింది, అది ఇంకో సంగతి.

వేరే దారి లేదా? ఉంది, మన దగ్గరే ఉంది. 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు, బాసర, నూజివీడు, ఇడుపులపాయ. పదో తరగతి ఫలితాల మీదే అడ్మిషన్. సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపారు. అంటే నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో ఫార్ములాకే తెలుసు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 1997లో ఇంకో తీరుగా చేసింది. ప్రతి హైస్కూల్‌లో టాప్ పది శాతం పిల్లలకు స్టేట్ యూనివర్సిటీలో ఆటోమేటిక్ సీటు. నీ స్కూల్ పిల్లలతోనే నీకు పోటీ. ఆస్టిన్ యూనివర్సిటీకి రద్దీ ఎక్కువై ఆ పది శాతాన్ని తర్వాత తగ్గించారు. డల్లాస్ పక్కన పెద్ద స్కూళ్లున్న ఏరియాలో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లను అడగండి, ఆ రూల్ మీద ఎంత ఏడుస్తారో! మంచి స్కూల్ అని ఇల్లు కొంటే, ఆ స్కూల్‌లోనే పోటీ ఎక్కువై పిల్లవాడు ఆ టాప్‌లో పడడు. ఎక్కడో మారుమూల టౌన్‌లో చదివిన పిల్లకు సీటు వస్తుంది. నాకైతే ఆ రూల్ నచ్చింది. గట్టు కాలేజీలో ఫస్ట్ వచ్చిన పిల్లను మాదాపూర్ పిల్లతో కాకుండా గట్టు పిల్లలతో పోల్చే ఫార్ములా ఒకటి మన దగ్గర కూడా ఎవరైనా రాస్తే బాగుండు.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్న. పాసైతే చాలా? చాలదు. ర్యాంకులో కలవవు, కానీ గేట్లు ఉన్నాయి. ఈఏపీసెట్‌లో ఎంత ర్యాంకు వచ్చినా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం ఉండాలి, రిజర్వుడ్ కేటగిరీలకు 40. ఇంటర్ పాసవ్వడానికి 35 చాలు, సీటుకు చాలవు. ఈ తేడా తెలియక కౌన్సెలింగ్ దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు ఉంటారు. ఎన్ఐటీ, ఐఐటీ అయితే 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. నీట్‌కు బైపీసీ సబ్జెక్టుల్లో 50, రిజర్వుడ్ వాళ్లకు 40. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇంటి పక్కనే మెడికల్ కాలేజీ! ఒక తరం కిందట ఎవరూ అనుకోని విషయం. కానీ ఆ సీటుకు ఇంటర్‌లో 990 వచ్చినా ఉపయోగం లేదు, నీట్ స్కోరే చూస్తారు. ఇంటర్ నేరుగా పనికొచ్చేది దోస్త్‌లో. 2016 నుంచి డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇంటర్ మార్కుల మీదే ఇస్తున్నారు. హైదరాబాద్‌లో మంచి డిగ్రీ కాలేజీలో కోరుకున్న కోర్సు రావాలంటే ఆ మార్కులే దిక్కు. ఈ జిల్లాల్లో ఇంటర్ తర్వాత డిగ్రీకి పోయే పిల్లలు ఎంతమందో తెలుసు కాబట్టి, "మార్కులు లెక్క లేవు" అని అందరికీ కలిపి చెప్పే మాట నాకు కోపం తెప్పిస్తుంది. అది ఇంజనీరింగ్ వైపు చూసేవాళ్ల మాట.

చివరగా ఒక విషయం, అలంపూర్, అయిజ వైపు వాళ్లకు. అవతల వెయిటేజీ ఉంది కదా అని ఇంటర్ కర్నూలులో చదివిద్దాం అనుకునేవాళ్లు ఆగండి. మార్కుల కంటే ముందు లోకల్, నాన్ లోకల్ చూసుకోవాలి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి మన సీట్లలో 85 శాతం స్థానికులవి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివావు అనేది అందులో కీలకం. తెలంగాణలో మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడే చదవాలి అని 2024లో రూల్ బిగించారు, 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. బ్రిడ్జి దాటి రెండేళ్లు చదివొచ్చిన పిల్ల, పుట్టింది గద్వాలలోనే అయినా, గద్వాల మెడికల్ కాలేజీ సీటుకు నాన్ లోకల్ కావచ్చు. ఈ స్థానికత కథ ముల్కీ రూల్స్ దాకా పోతుంది, ఒక ఎపిసోడ్ సరిపోదు, వచ్చే వారం అదే మాట్లాడుకుందాం. మీ పిల్లల మెమోలు, బోనఫైడ్లు ఏడాది వారీగా ఫైల్‌లో పెట్టుకుని ఆ ఎపిసోడ్ చూడండి.